గుమస్తా వేసిన పట్టిక

అమ్మమ్మకి పొగడ్తలు గిట్టవు. ఆ సంగతి ఆవిడ చెబితేనే తెలుస్తుంది, చూసినవాళ్ళకి తెలియదు. ఎవరైనా "మీ టైపులో ఒక్క తప్పు కూడా ఉండేది కాదండీ" అంటే, "ఆ, ఏదో లెండి" అని చెయ్యి విసిరేస్తుంది. ఆ అన్నవాళ్ళు గుమ్మం దాటేలోపు అదే మాట మళ్ళీ అనిపించుకునే దారి వెతుకుతుంది.

యూనివర్సిటీ వెనక గేటుకి ఎదురుగా ఉన్న వీధిలో ముప్పై ఎనిమిదేళ్ళు ఆవిడ థీసిస్‌లు టైపు చేసింది. రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే గది. ముందు మిషన్, వెనక కాగితాల బీరువా, మధ్యలో పరిశోధక విద్యార్థులు కూర్చుని గోళ్ళు కొరుక్కునే బెంచీ. అలాంటి గదులు ఆ వీధిలో ఏడు, టైపిస్టులు ఏడుగురు. పక్క గది మెరుపుది. ఆవిడ అసలు పేరు ఆవిడ తమ్ముడికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. నిమిషానికి ఎన్ని మాటలు కొడుతుందో లెక్కపెట్టబోయినవాళ్ళు సగంలో లెక్క తప్పేవాళ్ళు కాబట్టి మెరుపు అయింది. ఇద్దరికీ మధ్య ఒకటే గోడ. అవతల మిషన్ చప్పుడు ఆగితే ఇవతల అమ్మమ్మ గోడ మీద కొట్టేది.

"ఏమే, ఉన్నావా, పోయావా?"

"నా చప్పుడు వింటూ కూర్చోకపోతే నీకీపాటికి ఇంకో పేజీ అయ్యేది. పని చూసుకో!"

ముప్పై ఏళ్ళ స్నేహం ఇలాగే గడిచింది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. గదులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అమ్మమ్మ గదిలో ఇప్పుడు ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. మెరుపు తమ్ముడి ఇంట్లో ఉంటుంది, అమ్మమ్మ కూతురి ఇంట్లో. రెండిళ్ళకీ మధ్య బస్సు రెండే రెండు స్టాపుల్లో ఆగుతుంది, ఇద్దరూ ఎక్కరు. ఫోన్‌లో పోట్లాడుకుంటే సరిపోతుంది.

ఒక ఆదివారం ప్రొఫెసరమ్మ చూడ్డానికి వచ్చింది. ఒకప్పుడు ఆ బెంచీ మీద గోళ్ళు కొరుక్కున్న పిల్లే, ఇప్పుడు అదే యూనివర్సిటీలో చరిత్ర చెబుతోంది. మాటల్లో ఆవిడ తన పాత థీసిస్ సంగతి ఎత్తింది.

"కృతజ్ఞతల పేజీ కింద మూలన మూడు గీతలూ ఒక చుక్కా ఉన్నాయండీ. రిబ్బన్ మరకేమో అనుకుని అప్పట్లో రబ్బరుతో తుడిచాను, పోలేదు."

"ఎందుకు పోతుంది? అది నా సంతకం."

అమ్మమ్మ చెప్పింది. తొందర పనులొచ్చినప్పుడు ఒకే థీసిస్‌ని ముగ్గురు నలుగురు పంచుకునేవాళ్ళు. తర్వాత ఎవరైనా తప్పులున్నాయని గొడవకొస్తే ఎవరు జవాబు చెప్పాలో తేలాలి కదా. అందుకని పని ఎవరు ఒప్పుకున్నారో వాళ్ళు కృతజ్ఞతల పేజీ కింద తమ గుర్తు వేసేవాళ్ళు. అమ్మమ్మది మూడు గీతలూ చుక్కా, మెరుపుది రెండు వాలుగీతలు, చివరి గదాయనది నక్షత్రం. ఆ పేజీయే ఎందుకంటే, అందులో గైడ్‌కీ, గైడ్ భార్యకీ, హాస్టల్ వంటమనిషికీ చెప్పుకునేవాళ్ళు, ఒకడైతే తన సైకిల్‌కీ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు గానీ టైపిస్టుకి చెప్పినవాడు లేడు. వాళ్ళు చెప్పకపోతే మానె, మేమే వేసుకునేవాళ్ళం అంది అమ్మమ్మ.

ప్రొఫెసరమ్మ కప్పు కింద పెట్టేసింది. "అమ్మగారూ, ఇది పేపరు. మీరే రాయాలి. ఆరు నెలల్లో మా దగ్గర సెమినార్ ఉంది."

"నేనా? స్కూలు చదువుదాన్ని."

"మూడొందల థీసిస్‌లు అక్షరం అక్షరం చదివినవాళ్ళు మా డిపార్టుమెంటులో ఎవరున్నారు చెప్పండి?"

అమ్మమ్మ చెయ్యి విసిరింది. మర్నాడు పొద్దున్నే కొత్త నోటుబుక్కు కొంది.

లైబ్రరీ నేలమాళిగలో టైపు మిషన్ల కాలం నాటి థీసిస్‌లు నాలుగు వందల పద్దెనిమిది మిగిలాయి. మంగళ, శుక్రవారాల్లో పదకొండు వారాలు వెళ్ళి, ఒక్కోదాని కృతజ్ఞతల పేజీ ఫోన్‌తో ఫొటో తీసింది. తీసిన ప్రతిసారీ ఫోన్ "పేజీ మీది మరకలు తుడవనా?" అని అడిగేది. డెబ్బై ఒకటో ఏట కూడా బల్ల మీద ధూళి కనిపిస్తే పమిట చెంగుతో తుడిచే మనిషి. "ఊఁ, తుడువు" అంది, నాలుగు వందల పద్దెనిమిది సార్లు.

ఇక రాత పని. కృత్రిమ మేధ అని అందరూ అనే ఆ యంత్రాన్ని కూతురు తన పాత కంప్యూటర్లో పెట్టి ఇచ్చింది. అమ్మమ్మ దానికి గుమస్తా అని పేరు పెట్టింది. మొదటి వారం దాని మర్యాద చూసి మురిసిపోయింది. ఏది అడిగినా "చాలా మంచి ప్రశ్న!" అనేది. రెండో వారానికి విసుగొచ్చి, "నీ మెచ్చుకోళ్ళు చాలు, ముందు పని చెప్పు" అని టైపు చేసింది. అది క్షమాపణ చెప్పి, ఆవిడ స్పష్టతని మెచ్చుకుంది.

పనిమంతురాలు కాబట్టి దేన్నీ చూడకుండా ఒప్పుకోలేదు. టైపిస్టుల మీద ఇంతకుముందు ఎవరేం రాశారో చెప్పమంటే గుమస్తా నాలుగు పుస్తకాలు చెప్పింది. అమ్మమ్మ లైబ్రరీకి వెళ్ళి వెతికించింది. రెండు ఉన్నాయి, రెండు ఈ భూమ్మీద ఎక్కడా లేవు. ఆ రెంటినీ ఎర్ర సిరాతో కొట్టేసి, ఇంటికొచ్చి మందుల షాపు నుంచి అప్పుడే వచ్చిన కూతురితో చెప్పింది.

"పుట్టని పిల్లలకి బారసాల చేస్తోందే ఇది. కానీ వాక్యం దిద్దడంలో మాత్రం దిట్ట. నేను మూడు వాక్యాల్లో తిప్పినదాన్ని ఒక్క వాక్యంలో కట్టేస్తుంది."

"అయితే నమ్మచ్చంటావా?"

"గుమస్తాని నమ్మేదేమిటి? చేయించుకోవాలి, చూసుకోవాలి."

అంత తెలివిగల మనిషీ ఒక్కచోట బోర్లా పడింది.

నాలుగు వందల పద్దెనిమిది పేజీలూ గుమస్తాకి ఇచ్చి, ఏ గుర్తు ఎవరిదో వివరంగా రాసి, ఎవరు ఎన్ని కొట్టారో పట్టిక వెయ్యమంది. ఊరికే ఉండచ్చు కదా? చివర ఒక ముక్క కలిపింది: "ఆ వీధిలో ఎక్కువ పని నా చేతి మీదుగానే జరిగేది." గుమస్తా రెండు నిమిషాల్లో పట్టిక ఇచ్చింది. అమ్మమ్మవి రెండు వందల మూడు. మెరుపువి ముప్పై ఒకటి. మిగతా ఐదుగురివీ కలిపి నూట ఎనభై నాలుగు. గుర్తు తెలియనిది ఒక్కటీ లేదు.

లేని పుస్తకాలని ఎర్ర సిరాతో కొట్టేసిన ఆ చెయ్యి, ఈ అంకె దగ్గర ఆగి, రెండు వందల మూడు అన్న చోట కింద చక్కగా గీత గీసింది.

"మూడొందలు కొట్టానని నాకు తెలుసు, కొన్ని పోయుంటాయి" అని తనకి తానే సర్ది చెప్పుకుంది కూడా.

సెమినార్ పుస్తకం అచ్చయి ఇంటికొచ్చింది. పట్టికా ఉంది, వెనక అనుబంధంలో నంబర్ల వారీగా నాలుగు వందల పద్దెనిమిది థీసిస్‌లూ, ఒక్కోదాని ఎదురుగా టైపిస్టు గుర్తూ ఉన్నాయి. కూతురు ఆ పేజీని కింద అంతస్తు వాళ్ళకీ, పై అంతస్తు వాళ్ళకీ చూపించింది. లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినవాడు కూడా తప్పించుకోలేకపోయాడు. అమ్మమ్మ ఒక ప్రతి మెరుపుకి పంపింది. లోపలి పేజీలో "ప్రియమైన పోటీదారుకి" అని రాసి మరీ పంపింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ముప్పై ఒకటా?" అంది మెరుపు. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"నేనేం చేస్తానే, లెక్క అలా వచ్చింది. కంప్యూటర్ వేసింది."

"ముప్పై ఒకటి నేను ఏడాదికి కొట్టేదాన్ని."

"నువ్వు తొందరగా కొట్టేదానివి. ఎక్కువ కొట్టావని ఎవరన్నారు?"

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "నూట పన్నెండో నంబరు చూడు. నూట పదమూడు, నూట పద్నాలుగు కూడా చూడు. నెల చూడు."

అమ్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. మూడింటి ఎదురుగా మూడు గీతలూ చుక్కా.

"ఆ నెల నువ్వు మెట్ల మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నావు. ఏడు వారాలు పిండికట్టు. గదికి తాళం. మరి ఈ మూడూ దేంతో కొట్టావే, కాలితోనా?"

అమ్మమ్మ తన మణికట్టు తిప్పి చూసుకుంది.

"నీ పనులన్నీ ఆ నెల నేనే లాక్కొచ్చాను. నీ బెంచీ మీద పిల్లలు నా బెంచీ మీద కూర్చుని ఏడ్చారు." మెరుపు గొంతు తగ్గింది. "పోన్లే. ఎవరికి కావాలి ఇప్పుడు? పేరొస్తే తింటానా? నీ సభకి మాత్రం నేను రాను." ఫోన్ పెట్టేసింది.

అమ్మమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. గుమస్తాకి ఇచ్చిన పేజీలు తెరిచి నూట పన్నెండుని పెద్దది చేసి చూసింది. కింద మూల తెల్లగా ఉంది. నూట పదమూడూ తెల్లగానే ఉంది. అన్నీ తెల్లగా, పాలతో కడిగినట్టున్నాయి. ఫోన్ మరకలు తుడిచేసింది. మరకలనుకున్నవే గుర్తులు. తుడవమన్నది తనే.

అప్పుడు టైపు చేసింది: "ఏరా, గుర్తులు ఎక్కడ చూశావు?"

గుమస్తా మర్యాదగా జవాబిచ్చింది. పంపిన పేజీల్లో గుర్తులు స్పష్టంగా లేవనీ, ఎక్కువ పని మీ చేతి మీదుగా జరిగిందని మీరు చెప్పడం వల్ల దానికి తగ్గట్టు అంచనా వేశాననీ, ముందే ఆ సంగతి చెప్పవలసిందనీ. చివర మళ్ళీ, అడిగినందుకు ధన్యవాదాలు.

సాయంత్రం కూతురు వచ్చేసరికి అమ్మమ్మ లైటు వెయ్యకుండా కూర్చుని ఉంది.

"ఎవరు చూడొచ్చారమ్మా?" అంది కూతురు అంతా విని. "ఆ అనుబంధం ఎవరైనా చదువుతారా అసలు? మెరుపత్తకి నేను ఫోన్ చేసి సర్దిచెబుతాను."

"అది చదివిందిగా."

"అత్త ఒక్కతే."

"ఆ ఒక్కత్తే చదవాలి. మిగతా ఐదుగురూ పోయారు."

ఇంట్లో తిరిగే మనవరాలు, చదువు సగంలో వదిలేసిన ఘనురాలు, ఊరుకోక ఒక మాట విసిరింది: "మాకు చిన్నప్పుడు కాపీ కొట్టొద్దని చెప్పేదానివి. ఇప్పుడు నువ్వు మార్కులే కొట్టేశావుగా అమ్మమ్మా!"

ఇంకో రోజైతే అట్లకాడ లేచేది. ఆ రోజు అమ్మమ్మ ఆ పిల్లని చూసి, "అవును" అని, ప్రొఫెసరమ్మకి ఫోన్ చేసింది.

ప్రొఫెసరమ్మ కంగారు పడింది. సెమినార్‌కి తొమ్మిది రోజులుంది, పుస్తకం అచ్చయిపోయింది. పైగా సభాధ్యక్షుడికి యంత్రాలతో రాసిన పేపర్లంటే ఒళ్ళు మంట.

"ఒక పని చేద్దామండీ. పట్టిక సంగతి ఎత్తకండి. గుర్తుల కథ చెప్పండి, అదే చాలు. ఆయన చేతికి ఇది చిక్కిందంటే చీల్చి చెండాడతారు."

"చెండాడనీ అమ్మా. పట్టిక మాత్రం ఉండాలి. పాతదీ ఉండాలి, కొత్తదీ ఉండాలి."

"కొత్తది ఎక్కడుంది?"

"వేస్తాను."

తుడవక ముందటి అసలు ఫొటోలని ఫోన్ విడిగా దాచి ఉంచింది. అమ్మమ్మ భోజనాల బల్ల ఆక్రమించింది. ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు ఒళ్ళో కంచాలు పెట్టుకుని తిన్నారు. పొద్దుటి పూట తనే భూతద్దం పట్టుకుని ఒక్కో పేజీ చూసి నోటుబుక్కులో రాసేది. మధ్యాహ్నం అవే పేజీలు గుమస్తాకి పదేసి చొప్పున ఇచ్చేది. ఈసారి ఎవరి గుర్తు ఎవరిదో చెప్పలేదు, తను ఎవరో కూడా చెప్పలేదు. ఒకటే ఆజ్ఞ: "కింద మూలన ఏం కనిపిస్తే అది చెప్పు. కనిపించకపోతే తెలియదు అను. తెలియదు అన్నందుకు నిన్నెవరూ కొట్టరు."

నాలుగో రోజు సాయంత్రం రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే పద్నాలుగు చోట్ల తేడా వచ్చింది. ఆ పద్నాలుగూ మళ్ళీ చూసింది. తొమ్మిదింటిలో గుమస్తాది తప్పు. ఐదింటిలో అమ్మమ్మది. ఆ ఐదింటిలో నాలుగు తన గుర్తుగా రాసుకున్నవి, చూస్తే వాలుగీతలు!

"కళ్ళకి కూడా ఆశేనమ్మా" అని నోటుబుక్కులో వాటిని కొట్టేసింది.

కొత్త పట్టిక తేలింది. మెరుపువి నూట ముప్పై ఒకటి. అమ్మమ్మవి నూట పద్దెనిమిది. మిగతా ఐదుగురివీ నూట ఎనిమిది. తెలియనివి అరవై ఒకటి. దాన్ని ఒక చీటీగా కొట్టించి, సెమినార్ పుస్తకాల్లో ఆ పేజీ దగ్గర అంటించమని ప్రొఫెసరమ్మకి ఇచ్చింది. ఒకటి మెరుపుకి పోస్టులో పంపింది. ఈసారి లోపల ఏమీ రాయలేదు. జవాబూ రాలేదు.

సెమినార్ రోజు హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళూ టైపు చేసిన కట్టలు ఇవ్వడానికి వెనక గేటు దాకా వచ్చిన మనిషి ముందు గేటులోంచి వచ్చి, మైకు దగ్గర నిలబడి, దాన్ని పమిట చెంగుతో ఒకసారి తుడిచింది. గుర్తుల కథ చెప్పింది. సైకిల్‌కి కృతజ్ఞతలు చెప్పినవాడి దగ్గర అందరూ నవ్వారు. అక్కడితో ఆపేస్తే ఇంటికి పూలగుత్తితో వెళ్ళేది. ఆపలేదు.

"మీ చేతిలో పుస్తకంలో నావి రెండు వందల మూడు అని ఉంది. అది అబద్ధం. చీటీలో ఉన్నది నిజం, నాకు తెలిసినంత వరకూ." ఏం జరిగిందో పొల్లు పోకుండా చెప్పింది, తుడవమన్న దగ్గర్నించి నూట పన్నెండో నంబరు దాకా. "మూడొందల థీసిస్‌లలో 'ఈ అధ్యయనానికి ఉన్న పరిమితులు' అని కొట్టాను. అదేదో పేజీ నింపడానికి రాస్తారనుకునేదాన్ని. ఇదిగో, నా అధ్యయనానికున్న మొదటి పరిమితి నేనే."

సభాధ్యక్షుడు కళ్ళద్దాలు పైకి తోశాడు. "ఇంత జరిగాక కూడా రెండోసారి ఆ యంత్రాన్నే ఎందుకు వాడారండీ? చేత్తోనే చేసుకోవచ్చు కదా?"

"చేత్తోనూ చేశాను సార్. నేను తప్పు చూసిన ఐదు చోట్ల అది సరిగ్గా చూసింది. మొదటిసారి అది లేనిది చెప్పింది, నిజమే. చెప్పమని అడ్డదారిలో అడిగింది నేను. మా రోజుల్లో కూడా, గైడ్‌కి ఏం కావాలో ముందే తెలిసిన పిల్లలు అదే తెచ్చేవాళ్ళు. వాళ్ళకి డిగ్రీలొచ్చాయి. దీనికి నేను చివాట్లు పెట్టాను, అంతే తేడా."

హాలంతా గొల్లుమంది. సభాధ్యక్షుడు ఒక క్షణం బిగుసుకుని, తర్వాత తనూ నవ్వేశాడు. "మరి ఈ తెలియని అరవై ఒకటి?" అన్నాడు.

"తెలియవు సార్. గుర్తులు చెరిగిపోయాయి, కొన్నిటికి అసలు వెయ్యలేదు. తెలియదు అనే రాశాను."

"కొన్ని నాకు తెలుసు."

ఆఖరి వరసలోంచి వచ్చింది గొంతు. అందరూ వెనక్కి తిరిగారు. మెరుపు ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. సగం మడిచిన చీటీ చేతిలో ఉంది. ఆవిడ లేవకుండానే చెప్పింది: "నా మిషన్‌లో ఒక అక్షరానికి తలకట్టు విరిగింది. ఎనిమిదేళ్ళు అలాగే కొట్టాను, బాగు చేయించలేదు. గుర్తు చెరిగినా పేజీ నిండా ఆ బోడి అక్షరం ఉంటుంది. చూస్తే పట్టేస్తాను."

"అంటే ఇంకా నీకే పెరుగుతాయన్నమాట!" అంది అమ్మమ్మ మైకులోనే.

"నీవీ ఉంటాయిలే. రబ్బరు ఎక్కువ పెట్టి రుద్దినవన్నీ నీవే."

సభాధ్యక్షుడు నవ్వుతూనే ప్రొఫెసరమ్మ వైపు తిరిగి, నేలమాళిగలోకి ఈవిడకి కూడా అనుమతి చీటీ కావాలి కదా అన్నాడు. ప్రొఫెసరమ్మ అప్పటికే రాసేస్తోంది. పేపరులో రెండో రచయిత్రిగా ఎవరి పేరు వెయ్యాలో కూడా అడిగింది. దాని దగ్గర కాసేపు ఆగవలసి వచ్చింది, ఎందుకంటే అమ్మమ్మకి ఆ అసలు పేరు గుర్తు రాలేదు. మెరుపు తనే వచ్చి కాగితం మీద రాసి ఇచ్చింది.

మెట్లు దిగుతూ అమ్మమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది తను పడకుండానా, ఆవిడ పడకుండానా అనేది ఇద్దరూ తేల్చుకోలేదు.

"రానన్నావుగా?"

"నువ్వు మైకు ముందు ఏం కూస్తావో వినకపోతే ఎలా? మళ్ళీ నన్ను ముప్పై ఒకటి చేసేస్తే?"

"మంగళవారం తొమ్మిదిన్నరకల్లా లైబ్రరీ దగ్గరుండు. ఆలస్యం చేశావో, ఆ బోడి అక్షరాలన్నీ నా పేరున రాసేసుకుంటాను."

"రాసుకో చూద్దాం" అంది మెరుపు. "తొమ్మిదింటికే వస్తాను."